బ్రౌను దొర

గోదావరి పాయలలో ఒకటియైన వసిష్ఠ కోనసీమ పడమటి యంచున ప్రవహించి అంతర్వేదియొద్ద సముద్రమున కలియును. మాఘమాసమున లక్ష్మీనరసింహస్వామి కల్యాణమునకు వచ్చిన యాత్రికులు ఆ సంగమస్థానమున నిలిచి, నదీజలము ఎచ్చట ముగిసినదో, సముద్రజలము ఎచ్చట మొదలైనదో గుర్తింపజాలక చూచుచుందురు. ఈ మాటలలోని మొదటి వాక్యమును మరల చదువుడు. దాని చివర కలియును అను క్రియ కలదు. నది నిన్న కలిసినది, నేడు కలియుచున్నది, రేపును కలియగలదు. ఈ మూడు కాలములలో దేనిని ఆ క్రియ చెప్పుచున్నది? ఏ యొక్కదానిని చెప్పుటలేదు. నదియొక్క స్వభావమును మాత్రమే చెప్పుచున్నది. అందుచేతనే మన వ్యాకరణకర్తలు దీనికి తద్ధర్మార్థక క్రియ యని పేరిడిరి. తెనుగు నేర్వవచ్చిన ఆంగ్లేయులు దీనిని గ్రీకు వ్యాకరణమునుండి తెచ్చిన మఱియొక పేరుతో పిలిచిరి. అట్టివారిలో చార్లెసు ఫిలిపు బ్రౌను ముఖ్యుడు. ఇంగ్లండునందు గ్రీకు, లాటిను క్రియలు వల్లించిన బాలుడు కడపలోను, రాజమహేంద్రవరములోను తెనుగు క్రియలకు అర్థములు వెదకువాడైన కథ యిది.

బ్రౌను 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడు బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు. కలకత్తాలోని ఫోర్టు విలియము కళాశాలలో పెద్ద యధికారిగా నుండెను. ఆయన పెక్కు భాషలెఱిగిన విద్వాంసుడు. ఇంటనే పిల్లలకు హీబ్రూ మొదలగు ప్రాచ్యభాషలను నేర్పించెను. 1812లో ఆయన మరణించుటతో కుటుంబము ఇంగ్లండునకు పోయినది. పదునాలుగేండ్ల బ్రౌను కొంతకాలమునకు ఈస్టిండియా కంపెనీవారి హెయిలీబరీ కళాశాలలో చేరెను. భారతదేశమునకు ఉద్యోగులై పోవువారిని తయారుచేయుటకు కంపెనీ నెలకొల్పిన విద్యాలయమది. గ్రీకు, లాటిను భాషలలో పరీక్ష నెగ్గినగాని అందు ప్రవేశము దొరకదు.

ఆ భాషలను నాటి బాలురు నేర్చిన తీరు కొంత చెప్పవలసియున్నది. లాటిను నిఘంటువున ప్రేమించు అను అర్థమిచ్చు మాటకై వెదకినచో అమో అను రూపము కనబడును. దాని సరియైన అర్థము ప్రేమించు అని కాదు, నేను ప్రేమించుచున్నాను అని. గ్రీకునందును అంతే: విడిపించు అను క్రియ లూఓ అను రూపమున నిఘంటువు కెక్కును, అనగా నేను విడిపించుచున్నాను. కర్త యెవ్వడో క్రియలోనే యిమిడియుండును. లాటిను క్రియకు నాలుగు ముఖ్యరూపములు, గ్రీకు క్రియకు ఆరు. వీనిని కంఠస్థము చేసినగాని ఒక వాక్యమును విడదీసి యర్థము చెప్పలేరు. మన బాలురు రామశబ్దమును, ధాతువులను వల్లించినట్లే వారును బెత్తము భయమున అమో, అమాస్, అమత్ అని వల్లించుచుండిరి. ఇట్లు తరిఫీదైన బుద్ధి ఏ క్రొత్త భాషను చూచినను మొదట క్రియను పట్టుకొనును. క్రియ దొరకిన వాక్యము దొరకినట్లే.

1817 ఆగస్టులో బ్రౌను చెన్నపట్టణమున ఓడ దిగెను. అచ్చట ఫ్రాన్సిసు వైటు ఎల్లిసు దొర పూనికతో 1812లో నెలకొల్పబడిన కళాశాలలో కంపెనీ యువోద్యోగులు దేశభాషలు నేర్చుచుండిరి. ఆంధ్రదేశపు బాలురు ఎల్లిసు పేరును మఱువరాదు. తెనుగు సంస్కృతమునుండి పుట్టినదని అందఱును అనుకొనుచున్న దినములలో, తెనుగు ధాతువులను సంస్కృత ధాతువుల ప్రక్క నుంచి, అవి వేఱు కుదురునకు చెందినవని చూపినవాడాయన. ఆ కళాశాలయందలి పట్టాభిరామశాస్త్రి కూర్చిన తెనుగు ధాతువుల పట్టిక దానికి సాధనమైనది. ఎల్లిసు వాదము 1816లో కాంబెలు దొర ప్రకటించిన తెనుగు వ్యాకరణమునకు పీఠికగా వెలువడెను. తెనుగు ఏ యింటి బిడ్డయో చెప్పినది నామవాచకములు కావు, క్రియాధాతువులే. నామములు పొరుగింటినుండి అరువు వచ్చును. ధాతువులు అంత సులభముగా రావు.

బ్రౌనునకు తెనుగు ఓనమాలు చెప్పినవారు వెలగపూడి కోదండరామ పంతులుగారు. 1820లో శిష్యుడు పరీక్ష నెగ్గెను. ఆ సంవత్సరముననే సర్ టామసు మన్రో గవర్నరై వచ్చెను. ప్రజల భాష రానివాడు ప్రజలను పాలింపలేడని ఆయన నమ్మకము. బ్రౌను కడపకు పోయి అచ్చటి కలెక్టరునకు సహాయోద్యోగి యయ్యెను. కచేరిలో రైతులు మాటలాడు తెనుగునకును, తాను పుస్తకమున చదివిన తెనుగునకును పొత్తు లేకుండుటను ఆయన అచ్చటనే మొదట గ్రహించెను. 1822లో మచిలీబందరునకు మార్పు కలిగెను.

అప్పటికి ఆయనకు తెనుగు కచేరి భాష మాత్రమే. 1824లో దుబాయి అను ఫ్రెంచి మతాచార్యుని గ్రంథము చదువుచుండగా అందు వేమన పేరు కనబడెను. పరదేశీయుని పుస్తకములో తెనుగు కవిని గుఱించి తెలిసికొనవలసి వచ్చుట విచిత్రమే. బ్రౌను వేమన పద్యముల వ్రాతప్రతులను సేకరింప నారంభించెను. పండితులు ఆ పద్యములను పామరుల మాటలని చిన్నచూపు చూచుచుండిరి. ఏ రెండు ప్రతులును ఒక్క తీరున లేవు. ఒకదానిలో నున్న క్రియ మఱియొకదానిలో మాఱియుండెను. లేఖకుని నిద్రమత్తులో అక్షరము జాఱి అర్థము తలక్రిందులై యుండెను. ఇట్టి చిక్కు యూరపు పండితులకు క్రొత్తది కాదు. గ్రీకు, లాటిను గ్రంథములును శతాబ్దములపాటు చేతివ్రాతలలోనే బ్రదికినవి. పెక్కు ప్రతులను సరిచూచి మేలైన పాఠమును నిర్ణయించు పద్ధతిని వారు నేర్చియుండిరి. బ్రౌను ఆ పద్ధతినే తెనుగునకు ప్రయోగించెను. 1829లో వేమన పద్యములు ఆంగ్లానువాదముతో అచ్చయి వెలువడెను.

దీని నడుమ 1825లో ఆయన రాజమహేంద్రవరమున పనిచేసెను. నాడు కోనసీమ యంతయు రాజమహేంద్రవరపు జిల్లాలోనిదే. అంతర్వేదిలో కొపనాతి కృష్ణమ్మ కట్టించిన ఆలయము 1823లో పూర్తియైనది. ఆనకట్ట మాట యింకను లేదు. నన్నయ భారతము తెనిగించిన ఆ నగరముననే, తెనుగు వాఙ్మయము కొన యూపిరితో నున్నదని బ్రౌను తలంచెను. తాటాకు ప్రతులు అటకలపై చెదలు తినుచుండెను. ఉన్న కొద్ది ప్రతులను చదివి చెప్పగలవారు అరుదు. అచ్చు పుస్తకములు దాదాపు శూన్యము. తరువాతి కాలమున ఆయన తన సాహిత్యకృషికి ఈ 1825వ సంవత్సరమునే మొదలుగా లెక్కించుకొనెను. తెనుగు వాఙ్మయము చచ్చియుండగా తానే బ్రదికించితినని ఆయన చెప్పుకొనుటలో కొంత అతిశయము లేకపోలేదు. పల్లెలలో భాగవతము చదువువారు, శతకములు పాడువారు నాడును ఉండిరి. అయినను ఆ చెదలు మాత్రము నిజము.

1826లో మరల కడప చేరి, ఒక బంగళాను తోటతో సహా కొని, అందు పండితులను, లేఖకులను కూర్చుండబెట్టి, తన జీతమునుండి వారికి వేతనములిచ్చెను. జనులు ఆ యింటిని బ్రౌను కాలేజి యని పిలిచిరి. అయోధ్యాపురపు కృష్ణారెడ్డి అచ్చటి పనిని పర్యవేక్షించెను. జూలూరి అప్పయ్యశాస్త్రి, వఠ్యం అద్వైతబ్రహ్మశాస్త్రి మున్నగు పండితులు వేఱువేఱు కాలములందు ఆయనకు తోడ్పడిరి. ఒకడు ప్రతి చదువును. మఱియొకడు వేఱొక ప్రతిని చూచుచుండును. మూడవవాడు భేదములను వ్రాసికొనును. దొర కచేరినుండి వచ్చి వానిని పరిశీలించును. 1827లో తెనుగు, సంస్కృత ఛందస్సులను ఆంగ్లేయులకు వివరించు గ్రంథమొకటి ఆయన ప్రకటించెను.

వ్యాకరణ నిఘంటువులను గూర్చు పనిలో బ్రౌనునకు ఎదురైన గడ్డు సమస్య క్రియయే. ఆ సమస్య యెట్టిదో కొన్ని యుదాహరణములతో చూడవచ్చును.

మొదటిది ఇంతకుముందు చెప్పిన కలియును. గ్రీకు వ్యాకరణములో అయోరిస్టు అను క్రియారూపము కలదు. ఆ మాటకు ఎల్ల లేనిది యని యర్థము. ఆంగ్లేయ వ్యాకర్తలు మన తద్ధర్మార్థకమునకు ఈ పేరే పెట్టిరి. బ్రౌనును దానినే వాడెను. ఇది సరియైన పేరేనా? గ్రీకు అయోరిస్టు చాలవఱకు గడచిపోయిన పనిని చెప్పును. వచ్చెను, చూచెను, గెలిచెను అను వానికి సాటియైనదది. సామెతలలో మాత్రము ఎల్లకాలమునకును చెల్లు సత్యములను చెప్పుటకు గ్రీకులు ఆ రూపమునే వాడిరి. మన కలియును, ఉదయించును, మొఱుగును అను క్రియలు ఆ సామెతల అయోరిస్టునకు దగ్గఱివి. కాబట్టి పేరు సగము కుదిరినది, సగము కుదురలేదు. అయితే ఎల్ల లేనిది యను ఆ మాట యర్థము మాత్రము గ్రీకు క్రియకంటె తెనుగు క్రియకే చక్కగా అతుకును!

రెండవది వ్యతిరేక క్రియ. తెనుగువాడు చేయను, చేయవు, చేయడు అని ఒక్క మాటలో పనిని కాదనగలడు. ఇందు లేదు, కాదు అను వేఱు మాట లేదు. ఆంగ్లమున దీనికి మూడు మాటలు కావలయును. గ్రీకులు క్రియకు ముందు ఊ అను అవ్యయమును చేర్తురు. లాటినువారును వేఱు మాటతోనే పని గడుపుకొందురు. కాని వారికి నోలో, నెస్కియో వంటి రెండు మూడు క్రియలు కలవు. నోలో అనగా ఒల్లను. నెస్కియో అనగా ఎఱుగను. లాటినున వ్రేళ్లపై లెక్కింపదగిన ఈ సొగసు తెనుగున ప్రతి క్రియకును సహజముగా కలదు. లాటిను చదివిన బాలుడు ఎఱుగను అను మాటను విన్నప్పుడు పాతమిత్రుని చూచినట్లు సంతోషింపక మానడు. బ్రౌను తన వ్యాకరణమున ఈ వ్యతిరేక క్రియకు ప్రత్యేక స్థానమిచ్చెను.

నాకు పుస్తకము కలదు అను వాక్యమును ఆంగ్లమున ఉన్నదున్నట్లు చెప్పలేము. పుస్తకమును నేను కలిగియున్నాను అన్నట్లు చెప్పవలయును. తెనుగున అట్లన్నచో కృతకము. లాటినున మాత్రము మిహి ఎస్ట్ లిబెర్ అందురు: నాకు కలదు పుస్తకము. మాటకు మాట సరిపోయినది. అట్లే లేచి, కడుగుకొని, భుజించి పోయెను అను తెనుగు వాక్యములోని క్త్వార్థకముల వరుస ఆంగ్లేయుని నాలుకకు ఎక్కదు; గ్రీకు తెలిసినవానికి అది వింత కాదు. ఒక్క సమాపక క్రియకు ముందు పెక్కు అసమాపకములను పేర్చుట గ్రీకు రచయితలకును అలవాటే. గ్రీకులకు పరస్మైపదము, కర్మణి కాక, తన కొఱకు తాను చేసికొను పనిని తెలుపు మధ్యమ రూపమొకటి కలదు. మన వండు, వండుకొను అను జంటలోని కొను చేయు పని యదియే. ఒక లోపమును చెప్పవలయును. లాటినున కర్మణి ప్రయోగము ఒక్క మాటలో సాగును: అమోర్ అనగా నేను ప్రేమింపబడుచున్నాను. దానిని చూచి తెనుగునను అంతటను బడు చేర్చినవారి వాక్యములు నేటికిని మన కచేరి కాగితములలో మూల్గుచున్నవి. తెనుగువాడు ఇల్లు కట్టబడెను అనడు, ఇల్లు కట్టిరి అనును.

ఇట్టి యూహలు ఆంగ్లేయులతో మొదలైనవని తలంపరాదు. అంతకు నూఱేండ్లముందే, 1728లో, బెంజమిను షుల్జి అను జర్మను మతాచార్యుడు మదరాసున నుండి తెనుగునకు లాటిను భాషలో వ్యాకరణము వ్రాసెను. ఆయనయే బైబిలును మూలభాషలనుండి తెనుగు చేసెను. ఆ వ్యాకరణము వ్రాతప్రతిగా జర్మనీలోని హాలె నగరమున నిలిచిపోయి, 1984లోగాని అచ్చు మొగము చూడలేదు. కాబట్టి బ్రౌనునకు అది ఉపకరింపలేదు. శ్రమపడి త్రవ్విన బావి ప్రక్కనే పూడిన బావి యుండుట విద్యాలోకమున తఱచు జరుగునదే.

బ్రౌను ఉద్యోగ జీవితము సుఖముగా సాగలేదు. తిరుచిరాపల్లిలోను, మచిలీబందరులోను పనిచేసెను. 1832, 1833 సంవత్సరములలో గుంటూరు సీమను డొక్కల కరువు నాశనము చేసెను. మనుష్యుల డొక్కలు లెక్కింపవచ్చినంతగా శుష్కించుటచే ఆ పేరు వచ్చినది. బ్రౌను ఆ సీమ జనుల కష్టమును కన్నులార చూచెను. పైయధికారులతో ఆయనకు పొసగలేదు. 1834లో ఉద్యోగము పోయెను. ముప్పదియాఱేండ్ల వయస్సున, పండితుల వేతనములకై చేసిన అప్పులతో, సగములో నిలిచిన గ్రంథములతో ఆయన ఇంగ్లండునకు పోవలసివచ్చెను. అచ్చట ఆగినచో తెనుగు నిఘంటువు అచ్చుకు నోచుకొనెడిదే కాదు.

లండనులో కంపెనీవారి గ్రంథాలయమున దక్షిణ భారతదేశపు వ్రాతప్రతులు కట్టలు కట్టలుగా పడియుండుటను బ్రౌను చూచెను. వానిని విప్పినవారు లేరు. చదువగలవారు అంతకన్న లేరు. ఉద్యోగము పోయిన మనుష్యుడు ఆ కట్టల ముందు కూర్చుండి పట్టికలు వ్రాసెను. వానిని మదరాసునకు పంపునట్లు కంపెనీని ఒప్పించెను. 1838 నాటికి ఆయన మరల మదరాసులో నుండెను. ఈ మాఱు ప్రభుత్వమున పారసీ భాషానువాదకుడు. తరువాత పోస్టుమాస్టరు జనరలయ్యెను. పగలు ఉత్తరములు, రాత్రి తాటాకులు.

1840లో తెనుగు వ్యాకరణము వెలువడెను. వసుచరిత్ర, మనుచరిత్రలు జూలూరి అప్పయ్య వ్యాఖ్యలతో అచ్చయ్యెను. 1852లో తెనుగు మాటలకు ఆంగ్లార్థములిచ్చు నిఘంటువు, మఱుసటి సంవత్సరము ఆంగ్లము మాటలకు తెనుగర్థములిచ్చు నిఘంటువు, 1854లో తెనుగున కలిసిన హిందూస్థానీ, పారసీ మాటల నిఘంటువు వరుసగా ప్రకటితములాయెను. దాదాపు ముప్పదియేండ్ల కష్టమిది.

ఆ నిఘంటువున ఆయన పట్టిన త్రోవ గమనింపదగినది. కావ్యములలోని మాటలు మాత్రమే మాటలని పండితుల పట్టు. రైతు, సాలె, అంగడివాడు, ఇంటి యిల్లాలు మాటలాడునవియు మాటలే యని బ్రౌను పట్టు. అర్జీలలో, ఉత్తరములలో, వాఙ్మూలములలో వచ్చిన మాటలనుగూడ ఆయన చేర్చెను. ప్రబంధ ప్రయోగములను వాని ప్రక్కనే చూపెను. పడు వంటి చిన్న క్రియను తీసికొనుడు. కాయ పడును, ఎండలో మనుష్యుడు కష్టపడును, కొండ కనబడును, సుఖపడినవాడును పడినవాడే! పడు అనగా క్రింద కూలుట యని ఒక్క ముక్క వ్రాసినచో, సుఖపడు అను మాట చదివిన దొర యెవడో సుఖములోనుండి క్రింద కూలినాడని అర్థము చేసికొనును. కావున క్రియకు అర్థము చెప్పుటకన్న దాని తిరుగుడు చూపుట మేలు. ప్రయోగములను చేర్చుటచే బ్రౌను ఈ పనినే చేసెను. పూర్వ వ్యాకర్తలను ఆయన కొన్నిచోట్ల అనవసరముగా కఠినముగా నిందించెను. వారి సూత్రములలోని సూక్ష్మతను ఎల్లెడల పట్టలేకపోయెను. నిఘంటువు ముఖపత్రముపై ఆయన పేరు కలదు. లోపలి ప్రతి పుటయందును ప్రతులు సరిచూచి, అర్థములు చర్చించిన పండితుల శ్రమయు కలదు.

తాను సేకరించిన వ్రాతప్రతులను బ్రౌను మదరాసు సాహిత్య సంఘమున కిచ్చివేసెను. అవి కాలక్రమమున మదరాసు ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమునకు చేరినవి. తరువాతి తరముల పండితులు కావ్యములను అచ్చు వేయబూనినపుడు ఆ ప్రతులను వెదకికొనుచు పోయిరి.

1855లో ఉద్యోగము చాలించి ఆయన లండను చేరెను. వివాహమాడలేదు. 1865లో లండను విశ్వవిద్యాలయమున తెనుగు ఆచార్యుడయ్యెను. ముసలితనమున తన సాహిత్య జీవితమును గుఱించి చిన్న గ్రంథమొకటి వ్రాసికొనెను. 1884వ సంవత్సరము డిసెంబరు 12వ తేదీన, ఎనుబదియాఱేండ్ల వయస్సున లండనులో మరణించెను. 1903లో ఆయన నిఘంటువును వెంకటరత్నము, కాంబెలు, కందుకూరి వీరేశలింగము పంతులు గారలు సవరించి మరల ప్రకటించిరి. ఆ నిఘంటువు నేటికిని అచ్చగుచున్నది. కడపలో ఆయన బంగళా యుండిన స్థలమున ఆయన పేరిట గ్రంథాలయము కట్టిరి.